అమ్మ ఆమెకు దగ్గరైతే నేను దూరమైనట్టేనా?

ప్రశ్న: పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇది. ఆవిడకు యాభై రెండేళ్లు, ఉద్యోగం చేస్తున్నారు. తల్లికి డెబ్బై తొమ్మిది. ఏడాదిన్నర క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. కొన్నాళ్లకు మతిమరుపు మొదలైంది. స్ట్రోక్ వల్ల వచ్చిన డిమెన్షియా అని డాక్టర్ చెప్పారు. ఏజెన్సీ ద్వారా ఒక కేర్‌టేకర్‌ను పెట్టుకున్నారు. ముప్ఫై అయిదేళ్ల మనిషి, ఇరవై నాలుగు గంటల డ్యూటీ, ఇంట్లోనే ఉంటుంది. స్నానం, బట్టలు, తిండి, మందులు, రాత్రి బాత్రూమ్‌కు తీసుకెళ్లడం అన్నీ ఆమే చూసుకుంటుంది. మొదట్లో చాలా ఊరటగా అనిపించిందట.

చిక్కులు తర్వాత మొదలయ్యాయి. తల్లి ఇప్పుడు కేర్‌టేకర్ చేత్తో తప్ప తినడం లేదు. కూతురు తినిపించబోతే మొహం తిప్పేసుకుంటున్నారు. కేర్‌టేకర్‌ను కూతురి పేరు పెట్టి పిలుస్తున్నారు. సొంత కూతురిని మాత్రం ఒకరోజు "మీరెవరమ్మా?" అని అడిగారు. ఈమధ్య తన ఉంగరం తీసి "ఇది నీకే" అని కేర్‌టేకర్ చేతిలో పెట్టారు. ఆమె వెంటనే తెచ్చి కూతురికి ఇచ్చేసింది. వారం తిరక్కుండానే పిల్లల ఫీజు కట్టాలని అప్పు అడిగింది. ఈ రెండూ కలిపి చూసి, వేరే దేశంలో ఉండే తమ్ముడు "అమ్మను గుప్పిట్లో పెట్టుకుంటోంది" అంటున్నాడు. వీడియో కాల్‌లో తల్లి కుడి జబ్బ మీద కమిలిన మచ్చ కనిపించిందని, ఆమెకు చెప్పకుండా గదిలో కెమెరా పెట్టమని పోరుతున్నాడు. మూడు వారాలుగా తల్లి రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, గదిలో ఎవరో ఉన్నారంటున్నారు. ఒక రాత్రి రెండు గంటలకు కూతురు వెళ్లి చూస్తే, తల్లి మంచం అంచున కూర్చుని ఉన్నారు, కేర్‌టేకర్ గాఢనిద్రలో ఉంది. ఈవిడ గట్టిగా అరిచారు. ఆమె తిరిగి ఏమీ అనలేదు గానీ అప్పటినుంచి అవసరానికి మించి మాట్లాడటం లేదు. ఇంతలో ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి, తమ రూల్ ప్రకారం నెలాఖరుకు మనిషిని మారుస్తామన్నారు. కేర్‌టేకరేమో "నాకు వెళ్లాలని లేదు మేడమ్, ఏజెన్సీతో పని లేకుండా మీరే నేరుగా పెట్టుకోండి" అంటోంది.

"ఆమె వెళ్లిపోతే అమ్మ ఏమైపోతుందోనని టెన్షన్. ఉంటే నాకు అమ్మ మిగలదేమోనని దిగులు. మారుస్తామని ఏజెన్సీ చెప్పగానే ఒక్క క్షణం హాయిగా అనిపించింది. అంత నీచంగా ఎలా ఆలోచించాను? ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగారు.

సమాధానం: మీ ఉత్తరంలో ఏజెన్సీకి రెండు పేజీలు, తమ్ముడికి ఒకటిన్నర పేజీ ఇచ్చారు. అమ్మగారు మూడు వారాలుగా రాత్రిళ్లు నిద్రపోవడం లేదన్న సంగతి ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. నేను దానితోనే మొదలుపెడతాను. మిగతావన్నీ నాలుగు రోజులు ఆగినా కొంప మునగదు, ఇది ఆగకూడదు.

డిమెన్షియా సాధారణంగా నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. పక్షవాతం తర్వాత వచ్చే రకంలో మార్పు కొంచెం హఠాత్తుగా కనిపించవచ్చు. కానీ మొన్నటిదాకా నిద్రపోయిన మనిషి కొద్ది రోజుల్లోనే రాత్రంతా లేచి కూర్చుని, లేనివాళ్లు కనిపిస్తున్నారని అంటుంటే, "జబ్బు ముదిరింది" అనుకుని ఊరుకోవడానికి లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, రోజుల తరబడి మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, బయటికి చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇంకో చిన్న స్ట్రోక్, వీటిలో ఏదైనా ఇలా చేయగలదు. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. కారణం పట్టుకుని వైద్యం చేస్తే చాలావరకు తగ్గే అవకాశం ఉంది. పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, ఈ గందరగోళమే మొదటి గుర్తు కావచ్చు. అందుకని ఈ ఉత్తరం చదవగానే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, కొత్తగా బలహీనత లాంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ మాటే వద్దు, నేరుగా ఆస్పత్రికే. ఎవరో చెప్పారని నిద్రమాత్ర మాత్రం మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఈ వయసులో అవి గందరగోళాన్ని పెంచుతాయి, పడిపోయే ప్రమాదాన్నీ పెంచుతాయి.

డాక్టర్ దగ్గరికి కేర్‌టేకర్‌ను కూడా తీసుకెళ్లండి. మూత్రం రంగు ఎప్పటినుంచి మారింది, విరేచనం అయి ఎన్ని రోజులైంది, ఏ వేళకు కలత మొదలవుతోంది అన్నవి ఆమెకు తెలిసినంతగా మీకు తెలియవు. ఇందులో మీ తప్పేమీ లేదు, అది ఆమె పని. డాక్టర్ ముందు ఆమెను కూర్చోబెట్టి "మీరు చెప్పండి" అంటే, ఆ అరిచిన రాత్రి నుంచి మీ ఇద్దరి మధ్య పేరుకున్న మౌనం కొంత కరగవచ్చు కూడా.

జబ్బ మీద మచ్చ సంగతి కూడా అదే రోజు తేల్చుకోండి. స్ట్రోక్ తర్వాత చాలామందికి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు ఇస్తారు. వయసుతో పల్చబడిన చర్మం, పైన ఈ మందులు, కాస్త గట్టిగా పట్టుకున్నా కములుతుంది. ఎడమ వైపు పట్టు లేని మనిషిని కుర్చీలోంచి లేపేటప్పుడు చాలామంది మంచి చేతిని జబ్బ దగ్గర పట్టుకుని లాగుతారు, లేదా చంకల కింద చేతులు వేసి ఎత్తుతారు. రెండూ సరైన పద్ధతులు కావు. పక్షవాతం వచ్చిన వైపు భుజాన్ని లాగితే కీలు జారే ప్రమాదం ఉంది. నడుముకు కట్టే వెడల్పాటి బెల్టు దొరుకుతుంది, దాన్ని పట్టుకుని లేపాలి. ఫిజియోథెరపిస్ట్‌ను ఇంటికి పిలిపించి ఒక గంట నేర్పించమనండి. కేర్‌టేకర్‌తో పాటు మీరూ నేర్చుకోండి.

అలాగని అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయమనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై దాటిన ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు ఏదో ఒక రకం వేధింపుకు గురవుతున్నారు. చేసేది బయటివాళ్లే కానక్కర్లేదు, సొంతవాళ్లూ ఉంటారు. వేళ్ల గుర్తుల్లాంటి మచ్చలు రెండు జబ్బల మీదా, మణికట్ల మీదా కనిపిస్తున్నాయా? అడిగిన ప్రతిసారీ కథ మారుతోందా? ఆమె గదిలోకి రాగానే అమ్మగారు బిగుసుకుపోతున్నారా? మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు, ఆమె చేత్తోనే తింటున్నారు. భయపెట్టే మనిషి దగ్గర ఎవరూ అలా ఉండరని నేను పందెం కాయను గానీ, ఇక్కడ కనిపిస్తున్నది భయం కంటే నమ్మకంలాగే ఉంది.

ఇక ఆ రాత్రి రెండు గంటల సంగతి. మీ కోణం నాకు అర్థమైంది. అమ్మ మంచం అంచున ఉంది, పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ కంగారులో ఎవరైనా అరుస్తారు. అటువైపు నుంచి కూడా ఒకసారి చూడండి. మూడు వారాలుగా అమ్మగారు నిద్రపోలేదంటే, ఆమె కూడా నిద్రపోలేదు. పగలు మీరు ఆఫీసుకు వెళ్తారు, ఆమెకు వెళ్లడానికి ఎక్కడా లేదు. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని కాగితం మీద రాసుకోవడం తేలిక. ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండే మనిషిని ఏ ఏజెన్సీ కూడా పంపలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం చేసిన 189వ ఒప్పందం వారానికి వరసగా 24 గంటలైనా విశ్రాంతి ఉండాలంటుంది. చాలా దేశాలు దాన్ని ఇంకా ఆమోదించలేదు. చట్టం ఉన్నా లేకపోయినా శరీరానికి నిద్ర కావాల్సిందే. నిద్రలేని మనిషి ఒకరోజు ఒకే మాత్ర రెండుసార్లు ఇస్తుంది, ఆ నష్టం అమ్మగారికే.

"ఇంటి మనిషిలా చూసుకుంటున్నాం" అని మీరు రాశారు. ఈ మాట నాకు వచ్చే ఉత్తరాల్లో చాలా తరచుగా కనిపిస్తుంది, నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఇంటి మనిషి అలసిపోతే పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుంది. పండగకు ఊరెళ్తానంటుంది. ఎదురు మాట్లాడుతుంది. మీరు అరిచినప్పుడు ఆమె ఏమీ అనలేదంటే, తాను ఇంటి మనిషిని కాదని ఆమెకు బాగా తెలుసు. ఆప్యాయత నిజమైనదే కావచ్చు, కానీ ఆప్యాయత ఉంది కదా అని పని గంటలు, సెలవు, రాత్రి ఏర్పాటు ఇవేవీ మాట్లాడుకోకుండా వదిలేశారు. మీ చిక్కుల్లో సగం అక్కడ పుట్టినవేనని నా అభిప్రాయం.

రాత్రి కోసం ఏం చేయొచ్చు? డబ్బు ఉంటే రాత్రికి వేరే మనిషి, అంతకంటే మంచిది లేదు. అంత ఖర్చు కుదరకపోతే వారంలో రెండు రాత్రులకైనా వేరే మనిషిని పెట్టండి, లేదా సెలవు ముందు రోజుల్లో ఆ రెండు రాత్రులు మీరు తీసుకోండి. అదీ కష్టమైతే, రాత్రి ఆమె నిద్రపోతుందని ఒప్పుకుని గదిని దానికి తగ్గట్టు సర్దాలి. మంచం ఎత్తు తగ్గించండి, రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి, మంచం పక్కనే కమోడ్ కుర్చీ ఉంచండి. మనిషి లేవగానే మోగే అలారం ప్యాడ్లు దొరుకుతాయి, అది పరుపు మీద వేయండి. నాలుగో దారి, ఇప్పటిలాగే ఉంచి ఆమె మెలకువగా ఉండాలని ఆశపడటం. దాని ఫలితం మీరు చూశారు. అరిచినందుకు సారీ చెప్పండి, తప్పకుండా. కాకపోతే ఆ మాటతో పాటు రాత్రి ఏర్పాటు కూడా మారాలి. లేకపోతే వచ్చే వారం మళ్లీ అరుస్తారు, మళ్లీ సారీ చెబుతారు.

ఇప్పుడు మీ అసలు బాధకు వస్తాను. అమ్మగారు ఆమెను మీ పేరుతో పిలుస్తున్నారు. దీన్ని మీరు "నా స్థానం ఆమెకు ఇచ్చేసింది" అని చదువుకున్నారు. నేను వేరేలా చదివాను. డిమెన్షియాలో దగ్గరి కాలం జ్ఞాపకాలు ముందు చెరిగిపోతాయి, పాతవి ఇంకా కొన్నాళ్లు నిలుస్తాయి. చాలామంది తమకు బాగా గుర్తున్న కాలంలోనే మసలుతుంటారు. మీ అమ్మగారి మనసులో ఉన్న కూతురికి యాభై రెండేళ్లు కాకపోవచ్చు. ముప్ఫయ్యో, ముప్ఫై అయిదో ఉండొచ్చు. ఎదురుగా ఆ వయసు మనిషి ఒకామె ప్రేమగా స్నానం చేయిస్తోంది. ఆవిడ నోటికి వచ్చిన పేరు ఎవరిది? మీదే. అద్దంలో మీకే పాతబడిన మీ మొహం ఆవిడకు పరాయిగా తోచింది, అంతే. "మీరెవరమ్మా?" అన్న ప్రశ్న ఎంత కోసేసి ఉంటుందో ఊహించగలను. అయినా చెబుతున్నాను, "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టకండి. జవాబు రాకపోతే ఇద్దరికీ నొప్పే. గదిలోకి వెళ్తూ మీ పేరు మీరే చెప్పుకోండి. ఆవిడ ఒప్పుకోకపోతే వాదించకండి, పక్కన కూర్చోండి.

తినిపించే విషయంలో ఒక చిన్న అనుమానం. మీరు తలుపు వైపు కుర్చీ వేసుకుని, అంటే అమ్మగారికి ఎడమ పక్కన కూర్చుంటానని రాశారు. ఎడమ వైపు పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి ఎడమ పక్కన ఉన్నది మెదడుకు అందదు. చూపు బాగానే ఉంటుంది, కానీ ఆ వైపు ప్రపంచమే లేనట్టు ఉంటారు. కంచంలో ఎడమ సగం తినకుండా వదిలేస్తారు. ఆ వైపు నుంచి హఠాత్తుగా స్పూన్ వస్తే ఉలిక్కిపడి మొహం తిప్పేస్తారు. కేర్‌టేకర్ ఏ వైపు కూర్చుంటోందో గమనించారా? బహుశా కుడి వైపు, ఎదురుగా, కళ్లలోకి చూస్తూ. రోజూ చేస్తూ చేస్తూ పట్టుకుని ఉంటుంది. ఆమె ఎంత సేపు తీసుకుంటోందో కూడా చూడండి. స్ట్రోక్ తర్వాత మింగడం నెమ్మదిస్తుంది, తొందరపెడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆఫీసుకు టైమవుతుంటే పది నిమిషాల్లో తినిపించాలనుకునే చేతిని ఆవిడ నమ్మకపోతే అది ప్రేమ లేక కాదు. వేరే వైపు కూర్చుని, టైమున్న రోజున మళ్లీ ప్రయత్నించండి. ఫిజియోథెరపిస్ట్ వచ్చినప్పుడు ఈ ఎడమ వైపు సంగతి కూడా అడగండి.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటుంది. మీరు రోజూ గదిలోకి వెళ్లి ఏం చేస్తున్నారో మీ ఉత్తరంలోనే ఉంది. "మందులు వేశావా? డైపర్ మార్చావా? ఇంకా తినలేదా?" అమ్మగారి తల మీదుగా ఇద్దరూ మాట్లాడుకుంటారు. అక్కడ పడుకున్న మనిషికి ఇద్దరు ఆడవాళ్లు కనిపిస్తారు. ఒకరు ఒళ్లు తుడుస్తారు, ఇంకొకరు వచ్చి లెక్కలు అడిగి వెళ్తారు. మీకు తెలియకుండానే మీరు ఆ ఇంట్లో సూపర్‌వైజర్ అయిపోయారు. ఆ పనీ ఎవరో ఒకరు చేయాలి, కాదనను. కానీ దాన్ని గది బయటికి తీసుకురండి. ఒక నోట్‌బుక్ పెట్టండి, అందులో తిండి, మందులు, విరేచనం, నిద్ర రాయించండి. సాయంత్రం పది నిమిషాలు హాల్లో కూర్చుని ఇద్దరూ చూసుకోండి. గదిలోకి వెళ్లాక మాత్రం నోట్‌బుక్ మాట ఎత్తకండి. అవసరం లేని పని ఏదైనా ఒకటి మీ వంతుగా ఉంచుకోండి: తల దువ్వడం, అరచేతులకు క్రీమ్ రాయడం, పాత ఫొటోలు చూపించడం. అది మానేసినా ప్రమాదం లేదు కాబట్టి పరీక్షలా అనిపించదు, మీకూ ఆవిడకూ. కేర్‌టేకర్‌ను ఆ టైములో బయటికి పంపండి. ఆమెకు విశ్రాంతి, మీకు ఏకాంతం.

ఏజెన్సీ ఫోన్ చేయగానే హాయిగా అనిపించిందని మిమ్మల్ని మీరు తిట్టుకున్నారు. సంరక్షకుల మీద పడే భారాన్ని కొలవడానికి స్టీవెన్ జారిట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1980లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 22 ప్రశ్నలున్నాయి. "మీవాళ్ల కోసం ఇంకా ఎక్కువ చేయాల్సిందని అనిపిస్తుందా?" అనేది వాటిలో ఒకటి. అంటే అపరాధభావాన్ని కూడా వాళ్లు భారంలో భాగంగానే లెక్కపెట్టారు. జీతానికి మనిషిని పెట్టినంత మాత్రాన మీ మీద బరువు దిగిపోలేదు, రూపం మార్చుకుంది. అసూయ పడ్డారు, ఒక్క క్షణం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ క్షణం తర్వాత ఆమెను పంపించేయకుండా నాకు ఉత్తరం రాశారు. నీచత్వం అని దేన్నంటారో మీకూ నాకూ తెలుసు, ఇది అది కాదు.

ఉంగరం విషయం త్వరగా ముగిద్దాం. ఆమె వెంటనే తెచ్చి ఇచ్చింది. తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసి పెట్టండి, తమ్ముడికీ చెప్పండి. నగలన్నీ జాబితా రాసి గదిలోంచి తీసి భద్రపరచండి. ఇది ఆమె మీద అనుమానంతో కాదు, ఆమె రక్షణ కోసం. ఈ జబ్బులో వస్తువు ఎక్కడ పెట్టామో మరచిపోయి, ఆ ఖాళీని మనసు "ఎవరో తీశారు" అని పూరించుకోవడం చాలా మామూలు. ఈరోజు "నీకే" అన్న నోటితోనే రేపు "దొంగిలించింది" అనొచ్చు. రెండు మాటలకూ ఆవిడ బాధ్యురాలు కాదు. విలువైన కానుకలు తీసుకోకూడదని చాలా ఏజెన్సీలు రూల్ పెట్టేది కూడా ఇందుకే.

అప్పు దగ్గర కాస్త ఆగాలి. ఉంగరానికీ దీనికీ ముడిపెట్టకండి. ఉంగరం తిరిగి ఇచ్చేసిన మనిషి, అవసరం వచ్చి నోరు తెరిచి అడిగింది. దాచుకునేవాళ్లు అడగరు. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఏ దారి ఎక్కడికి పోతుందో చూసుకోండి. అప్పుగా ఇస్తే, తీరేదాకా ఆమె మీకు కట్టుబడి ఉంటుంది. వినడానికి లాభంగానే ఉంటుంది గానీ, బాకీ ఉన్న మనిషి సెలవు అడగలేదు, తప్పు జరిగితే చెప్పలేదు, ఒంట్లో బాగోలేకపోయినా దాచుకుని పనిచేస్తుంది. ఏజెన్సీ ద్వారా జీతం మీద అడ్వాన్సు ఇప్పిస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది, కాకపోతే వాళ్లు ఒప్పుకోవాలి. తిరిగి రాకపోయినా ఫర్వాలేదనుకున్నంత మొత్తం సాయంగా ఇవ్వొచ్చు. అప్పుడు "ఇది ఒక్కసారికే" అని ముందే చెప్పండి, తమ్ముడికి దాచకండి, ఏజెన్సీ రూల్ కూడా కనుక్కోండి, లేకపోతే ఆమె ఉద్యోగానికే ఎసరు. ఇవ్వలేనంటే కూడా నేరం కాదు. ఆ మాట ఈ వారంలోనే, సూటిగా చెప్పండి. "చూద్దాం" అని నాన్చడం అన్నిటికంటే చెడ్డది.

ఇప్పుడు మనిషిని మార్చడం గురించి. ఒక మనిషి మీద ఇల్లంతా ఆధారపడితే ఆమె జ్వరంతో పడుకున్నా కష్టమే కాబట్టి ఏజెన్సీ రూల్ పూర్తిగా అర్థం లేనిది కాదు. కానీ డిమెన్షియా ఉన్నవాళ్లకు కొత్త మొహం అంటే కొత్త కలత. మార్పుకు ఒప్పుకుంటే కొన్ని వారాలు తిండి తగ్గడం, మొండికేయడం ఉండొచ్చు. అది మీకూ పరీక్షే. కొత్త మనిషికి కూడా అమ్మగారు దగ్గరవుతారు, అప్పుడు మళ్లీ మీ గుండె కలుక్కుమంటుంది. మనిషిని మార్చి ఆ నొప్పిని తప్పించుకోలేరు.

ఆమె అన్నట్టు నేరుగా పెట్టుకోవచ్చు. ఏజెన్సీ కమిషన్ మిగులుతుంది, అందులో కొంత ఆమె జీతంలో కలిపితే ఆమెకూ మేలు. కానీ మీరు సంతకం చేసిన ఒప్పందం ముందు చదవండి. వాళ్లు పంపిన మనిషిని కొంతకాలం నేరుగా పెట్టుకోకూడదని, పెట్టుకుంటే డబ్బు కట్టాలని షరతు ఉండటం మామూలు. అది లేకపోయినా, ఆమె సెలవు పెట్టిన రోజు బదులు మనిషిని వెతకడం, పనిలో ఆమెకు దెబ్బ తగిలితే చూసుకోవడం, మీ ప్రాంతపు చట్టం ప్రకారం యజమానిగా చేయాల్సినవన్నీ మీ నెత్తిన పడతాయి. జీతం, పని గంటలు, వారపు సెలవు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవన్నీ కాగితం మీద రాసుకోకుండా ఈ దారిలోకి వెళ్లకండి. చాటుగా అయితే అసలు వద్దు. తెలిస్తే ముందు దెబ్బ తినేది ఆమే.

మూడో దారి ఏజెన్సీతోనే బేరమాడటం. ఈమెను ఉంచి, ఇంకొకరిని వారంలో కొన్ని రోజులకో రాత్రులకో జత చేయమనండి. ఇద్దరూ అమ్మగారికి అలవాటవుతారు, ఒకరు లేకపోయినా ఇల్లు ఆగదు, ఆమెకు నిద్ర దొరుకుతుంది, ఏజెన్సీ రూల్ వెనకున్న భయమూ తీరుతుంది. ఖర్చు పెరుగుతుంది, అదొక్కటే అడ్డంకి. నన్నడిగితే నేను మొగ్గేది ఇటే. అయితే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు కాబట్టి ఇదే చేయండి అనలేను.

డబ్బు మాట వచ్చింది గనక తమ్ముడు. దూరంగా ఉన్నవాళ్లకు అమ్మ రోజు మొత్తంలో వీడియో కాల్‌లో కనిపించే పది నిమిషాలే తెలుస్తాయి. మచ్చ కనిపించింది. ఆ మచ్చకు అటూ ఇటూ ఉన్న ఇరవై మూడు గంటలు కనిపించలేదు. అతని భయం అబద్ధం కాదు, అక్కడినుంచి చేయగలిగినది తోచక అనుమానిస్తున్నాడు. చేయడానికి పని ఇవ్వండి. రాత్రి మనిషి ఖర్చు భరించమనండి. డాక్టర్ చెప్పింది పూర్తిగా వినిపించండి. ఏడాదికి ఒకసారి రెండు వారాలు వచ్చి, మీరు లేకుండా అమ్మను చూసుకోమనండి. కేర్‌టేకర్ మీద అతని అభిప్రాయం అప్పుడు అడగండి.

కెమెరా గురించి: చాటుగా పెట్టడం నాకు ఇష్టం లేదు. కొన్ని చోట్ల చట్టం కూడా ఒప్పుకోకపోవచ్చు. బట్టలు మార్చే, డైపర్ మార్చే గది అది, రికార్డయ్యేది అమ్మగారి ఒళ్లు కూడా. పైగా అలాంటివి దాగవు. తెలిసిన రోజున ఆమె సామాను సర్దుకుంటుంది, తర్వాత వచ్చే మనిషికి ఆ సంగతి ముందే చేరుతుంది. కావాలంటే హాల్లో, తలుపు దగ్గర, అందరికీ చెప్పి పెట్టుకోండి. ముందే చెప్పి పెట్టిన కెమెరా మంచి పనిమనిషికి సాక్ష్యంగా కూడా పనికొస్తుంది. డాక్టర్ చూసి మచ్చల మీద గట్టి అనుమానం చెబితే మాత్రం కెమెరాతో పరిశోధన చేస్తూ కూర్చోకండి, ఏజెన్సీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఆ రోజే మనిషిని మార్చండి.

నెలాఖరు దగ్గర పడుతోందని రాశారు. డాక్టర్ దగ్గరినుంచి వచ్చిన సాయంత్రమే ఏజెన్సీకి ఫోన్ చేయండి. ఇన్ఫెక్షన్ లాంటిదేమైనా బయటపడితే, ఆ కలత తగ్గకముందే కొత్త మనిషిని తేవడం అమ్మగారికి మంచిది కాదని చెప్పి, డాక్టర్ చీటీ చూపించి, గడువు పొడిగించమని అడగండి. ఒప్పుకోకపోతే కనీసం మూడు నాలుగు రోజులు పాత మనిషి, కొత్త మనిషి ఇద్దరూ కలిసి పనిచేసేలా పంపమనండి. ఆ రోజులకు అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చినా సరే. అమ్మగారిని ఏ వైపు నుంచి పలకరించాలి, మాత్ర ఎలా ఇస్తే మింగుతారు, సాయంత్రం కలత మొదలైతే ఏం చేస్తే తగ్గుతుంది అన్నవన్నీ ఇప్పుడున్నామె తలలోనే ఉన్నాయి. ఆమె చెబుతుంటే మీరే ఒక కాగితం మీద రాసుకోండి. ఆమె ఉండిపోయినా ఆ కాగితం మీకు పనికొస్తుంది, మీరు చూసుకునే రాత్రులకి.